దినచర్యలోని దీక్ష : జాకబ్ చాంబర్లేన్ జీవితం

మహనీయుల చరిత్రలు వ్రాసేవారికీ, చదివేవారికీ కూడ ఒక అలవాటున్నది. వారి జీవితంలోని సాహస ఘట్టాలు నాలుగింటిని ఏరి, వాటితోనే ఆ మనిషిని కొలుస్తాము. సముద్రం దాటినవాడుగా హనుమంతుని జ్ఞాపకముంచుకొంటాము గాని, సుగ్రీవుని కొలువులో మాట తూకం తప్పకుండా ఏండ్ల తరబడి మంత్రిత్వం నెరపినవాడూ ఆయనే అన్న సంగతి మనకు చప్పున తోచదు. లంఘనం ఒక దినంలో ముగిసినది. ఆ లంఘనానికి తగిన మనిషిని తయారుచేసినవి అంతకు ముందు గడచిన దినాలు.

మదనపల్లె పట్టణంలో 1908 మార్చి 2వ తేదీన కన్నుమూసిన జాకబ్ చాంబర్లేన్ విషయంలో ఈ అన్యాయం మరీ ఎక్కువగా జరిగినది. ఆయన పేరు విన్నవారికి పులులు తిరిగే గోదావరి అడవులు, రాళ్లు పట్టుకొని చుట్టుముట్టిన జనసమూహం, వరదలో కొట్టుకొనివచ్చిన పడవ జ్ఞాపకం వస్తాయి. అవన్నీ ఒక్క ప్రయాణంలో, కొన్ని నెలలలో జరిగినవి. ఆయన ఈ దేశానికి వచ్చినది మొదలు మరణించేవరకు నడచిన కాలం నలుబది ఎనిమిది సంవత్సరాలు. నడుమ ఆరోగ్యంకోసమో, పనిమీదనో స్వదేశానికి వెళ్లివచ్చిన రోజులు పోగా తక్కిన కాలమంతా ఆయన ఏమి చేసినారన్నదే విచారింపదగిన విషయం.

ముందుగా ఆ ప్రదేశాన్ని తలచుకొందాము. కుప్పంనుండి పలమనేరు, పుంగనూరుల మీదుగా మదనపల్లెకు పోయే ఎత్తైన నేల సముద్రమట్టానికి సుమారు రెండు వేల అడుగులకు పైనున్నది. తెలుగు, తమిళం, కన్నడం మూడూ ఒకదానినొకటి ఒరసికొని ప్రవహించే సీమ ఇది. నేడు మనకు సుపరిచితమైన చిత్తూరు జిల్లా ఆనాడు లేదు. అది 1911లో ఏర్పడినది. అంతకుముందు మదనపల్లె కడప జిల్లాలోనిది. పలమనేరు ఉత్తర ఆర్కాటు జిల్లాలోనిది. పుంగనూరు ఒక జమీందారీకి రాజధాని. కుప్పం కంగుంది జమీందారీలోని ఊరు. వానలు నమ్మరాని మెట్టసీమ. ఊరికీ ఊరికీ నడుమ ఎద్దుబండి బాటలు, చెరువుకట్టలు, బండరాతి గుట్టలు. వైద్యమంటే నాటువైద్యుని మూలిక, మంత్రగాని విబూది. కలరా, మశూచి ఏటేటా వచ్చిపోయే చుట్టాలు.

ఇట్టి సీమకు 1860లో ఇరువదియైదేండ్ల యువకుడు ఒకరు అమెరికానుండి వచ్చినారు. చాంబర్లేన్ 1835 ఏప్రిల్ 13వ తేదీన కనెక్టికట్ రాష్ట్రంలోని షారన్ అనే ఊరిలో జన్మించినారు. బాల్యంలోనే ఆయన కుటుంబం ఒహాయో రాష్ట్రంలోని హడ్సన్‌కు తరలివెళ్లినది. అచ్చటి వెస్టర్న్ రిజర్వు కళాశాలలో 1856లో పట్టభద్రులైనారు. తరువాత న్యూ బ్రన్స్విక్‌లోని డచ్చి సంస్కృత సంఘంవారి దైవశాస్త్ర విద్యాలయంలో 1859లో చదువు ముగించినారు. దానితోపాటు వైద్యవిద్యను కూడ అభ్యసించినారు. ఆ సంవత్సరమే షార్లట్ క్లోజ్ బర్జ్ అనే ఆమెను వివాహమాడి, డిసెంబరు నెలలో ఓడనెక్కినారు.

ఆయన పెరిగిన మతసంప్రదాయాన్ని గూర్చి ఒక మాట చెప్పుకొంటే తరువాతి కథ సులభంగా బోధపడుతుంది. పదునారవ శతాబ్దిలో కాల్విన్ బోధలనుండి పుట్టిన ఈ శాఖవారికి వృత్తి అనేది దైవం పిలిచి అప్పగించిన పని. గుడిలో పూజ చేసేవాని పని పవిత్రమనీ, పొలం దున్నేవాని పని లౌకికమనీ వారు విభజింపరు. పౌలు భక్తుడు కొలస్సీ పట్టణంలోని క్రైస్తవులకు, వారిలోని దాసులకు సైతం, తమ పనిని యజమాని కంటిముందు మెప్పుకోసం గాక దేవుని ఎదుట చేస్తున్నట్లు భావించుకొనుమని బోధించినాడు. అందువలన పనిలో నాసిరకం అనేది ఈ సంప్రదాయంలో నైపుణ్యలోపం మాత్రమే కాదు, భక్తిలోపం కూడ. మన దేశంలో వీరశైవులు కాయకమన్న మాటకు ఇచ్చిన గౌరవం దీనికి దూరమైనది కాదు.

ఉత్తర ఆర్కాటు ప్రాంతంలో స్కడర్ సోదరులు 1853లో ఆర్కాటు మిషనును స్థాపించినారు. వారి కృషి ప్రధానంగా తమిళదేశంలో సాగినది. తెలుగు మాట్లాడే పలమనేరు ఆ మిషనుకు ఉత్తరపు అంచు. చాంబర్లేన్ దంపతులు మొదట అచ్చట నివసించినారు. 1863లో మదనపల్లెలో కొత్త స్థావరం నెలకొల్పినారు. పలమనేరునుండి పుంగనూరు మీదుగా మదనపల్లెకు పోయే బాట ఆనాటినుండి ఆయన గుర్రానికి కంఠపాఠమైనది.

ఆయన మొదట పట్టినపని తెలుగు నేర్చుకొనడం. పరదేశీయులు పలువురు మన భాషను కార్యసాధనకు చాలినంత నేర్చుకొని అంతటితో తృప్తిపడినారు. చాంబర్లేన్ తృప్తి ఎరుగరు. వీధిలో నిలిచి మాట్లాడితే వినేవాని చెవికి పరాయితనం తోచరాదన్నది ఆయన కోరిక. అందుకై వేమన పద్యాలను అభ్యసించినారు. దైవం శిలలో లేదనీ, తీర్థాలు తిరిగితే మనసులోని మురికి పోదనీ చెప్పే పద్యాలు ఆయనకు ప్రత్యేకంగా నచ్చినవి. బజారులో ఉపన్యాసం ఆరంభించే ముందు అట్టి పద్యాలను చదివితే, పోయేవారు నిలిచిపోయేవారు. తరువాతి కాలంలో కొన్నింటిని ఇంగ్లీషులో ఛందోబద్ధంగా అనువదించి తన దేశీయులకు వినిపించినారు కూడ. బ్రౌను దొర వేమనను ఇంగ్లీషు చదివే లోకానికి పరిచయం చేసిన తరువాత ఆ దారిలో నడచినవారిలో ఈయన ఒకరు.

పిల్లల పాట ఒకటి ఆయనకు మరొక పాఠం నేర్పినది. అన్నా వార్నర్ అనే అమెరికా రచయిత్రి యేసు తనను ప్రేమిస్తున్నాడని ఒక శిశువు చెప్పుకొనే చిన్న గీతం వ్రాసినది. అది 1860లో అచ్చైనది. చాంబర్లేన్ ఆ గీతాన్ని తెలిగించి తమ పాఠశాల పిల్లలకు నేర్పినారు. వారం తిరుగకముందే, ఆయన గుర్రంమీద ఊరి ఇరుకుసందులో పోతుండగా, హిందూ కుటుంబానికి చెందిన ఒక బాలుడు వీధిలో నిలిచి ఆ పాట పాడడం విన్నారు. చుట్టూ పెద్దలు గుమికూడి, ఈ పాట ఎక్కడిది, ఆ యేసు ఎవరు అని అడుగుతున్నారట. పండితుడు గంటసేపు చేసిన వాదం ఎక్కని చోటికి, పిల్లవాని నోట సరియైన తెలుగులో పడిన నాలుగు చరణాలు ఎక్కినవి. నాటినుండి పాటలను అనువదించే పనిని ఆయన చిన్నపనిగా తలచలేదు. 1880లలో ఆరాధనకు ఉపయోగించే తెలుగు కీర్తనల సంపుటాన్ని వెలువరించినారు. తమ సంఘపు ఆరాధనక్రమాన్ని కూడ తెలుగు చేసినారు.

ఇక లోకప్రసిద్ధమైన ఆ ప్రయాణం. 1863లో ఆయన నలుగురైదుగురు దేశీయ సహచరులతో బయలుదేరి, నిజాము రాజ్యం గుండా గోదావరి దాటి మధ్యరాష్ట్రాల అంచులవరకు, రానుపోను సుమారు 1,200 మైళ్లు తిరిగినారు. సువార్త పుస్తకాలను ఉచితంగా పంచక, చిన్న వెలకు అమ్ముతూ పోవడం వారి పద్ధతి. వెల పెట్టి కొన్నవాడు చదువుతాడని వారి నమ్మకం. ప్రాకారంగల ఒక పట్టణంలో ప్రజలు వారిని తరిమి, మరల బోధిస్తే చంపుతామని రాళ్లు చేతబట్టినారు. చాంబర్లేన్ వారితో వాదింపలేదు. రాళ్లు విసరడానికి ముందు ఒక్క కథ వినండి, విన్న తరువాత మీ ఇష్టం అని వేడినారు. క్రీస్తు పుట్టుక, సేవ, సిలువ మరణం కథగా చెప్పుకొనిపోయినారు. కథ ముగిసేసరికి రాళ్లు నేలమీద పడినవి. కోపంతో వచ్చినవారిలోనే కొందరు పుస్తకాలు కొన్నారు.

గోదావరి తీరపు అడవిలో మరొక గండం. వరద పొంగి ముందుదారినీ, వెనుకదారినీ ముంచినది. చీకటిపడితే పులులకు ఆహారం కావలసినదే. కూలీలు పారిపోజూచినారు. ఆయన ప్రార్థించి, ఏరు చేరి చూస్తే, ఎక్కడనో కట్టు తెంపుకొని కొట్టుకొనివచ్చిన పెద్ద బల్లకట్టు పడవ గట్టున ఆగి కనిపించినది. ఆ రాత్రి అందరూ దానిపై తలదాచుకొన్నారు. ఇది దైవ సహాయమని ఆయన దృఢంగా విశ్వసించినారు. విశ్వసింపనివారు యాదృచ్ఛికమనవచ్చును. ఒక్కటి మాత్రం ఇరువురూ ఒప్పుకోవలసి యున్నది. భయపడిన జట్టులో ఒక్కడు నిబ్బరంగా ఏటిగట్టుకు నడచి వెదకకపోతే, పడవ ఉండీ లేనట్టే అయ్యేది.

ఆ ప్రయాణం ఆయనకు కీర్తిని ఇచ్చినది. దానితోపాటు అడవిజ్వరాన్ని కూడ ఇచ్చినది. కీర్తి దూరదేశంలో పెరిగినది. జ్వరం జీవితాంతం శరీరాన్ని అంటుకొని పీడించినది. సాహసి కథ ఇచ్చట ముగుస్తుంది. మనిషి కథ ఇచ్చటనే ఆరంభమౌతుంది.

1860ల చివర పలమనేరులోను, మదనపల్లెలోను ఆయన ఉచిత వైద్యశాలలు నెలకొల్పినారు. ఆనాటి వైద్యునివద్ద ఏమున్నదో తలచుకొంటే ఆ పని బరువు తెలుస్తుంది. నొప్పి తెలియకుండ కోయడానికి క్లోరోఫారం 1847నుండి వాడుకలోనికి వచ్చినది. చలిజ్వరానికి క్వినైను ఉండేది. గాయం కుళ్లకుండ ఔషధంతో శుభ్రపరచే పద్ధతిని లిస్టరు 1867లో ప్రకటించినాడు. క్షయకు కారణమైన సూక్ష్మజీవిని కాక్ కనుగొన్నది 1882లో. అనగా చాంబర్లేన్ వైద్యం ఆరంభించినప్పుడు, ఏ రోగం దేనివలన వస్తుందో వైద్యులకే సరిగా తెలియదు. అట్టి కాలంలో వైద్యుని సంపద శుభ్రమైన చేయి, శ్రద్ధగల కన్ను, విసుగులేని ఓర్పు. ఈ మూడింటిలో ఏదీ ఒక్కనాటి సాహసంతో లభించేది కాదు.

ఉదయం రోగులు వసారాలో చేరేవారు. చుట్టుపట్ల పల్లెలనుండి నడచివచ్చినవారు, మంచాలమీద మోసికొనిరాబడినవారు. మొదట వేదభాగం చదివి, వివరించి, ప్రార్థన చేయడం. తరువాత ఒక్కొక్కరినీ పరీక్షించి మందు ఇవ్వడం. చీటిపై మందుతోపాటు ఒక వేదవాక్యం కూడ అచ్చువేసి ఇచ్చేవారు. అగ్రవర్ణాలవారూ, అస్పృశ్యులని దూరముంచబడినవారూ ఒకే వైద్యుని చేతిమందుకై ఒకే ఉదయం వేచియుండడం ఆనాటి సంఘంలో సామాన్య విషయం కాదు. పుండు కడిగే చేతికి కులం తెలియదని ఉపన్యాసం చెప్పనవసరం లేకపోయినది. కడిగి చూపితే చాలినది.

మదనపల్లెలో ఆయన ఒక పఠనమందిరాన్ని కూడ తెరచినారు. అక్కడ వారం వారం బైబిలు ఉపన్యాసం జరిగేది. చదువుకొన్న హిందువులు వచ్చి వినేవారు. ఒకనాడు ఉపన్యాసం ముగిసిన తరువాత ఒక బ్రాహ్మణ పండితుడు లేచి సభికులతో మాట్లాడిన సంగతిని చాంబర్లేన్ తమ రచనలలో చెప్పినారు. ఆ పండితుడు ఈ పాదిరులను మామిడిచెట్టుతో పోల్చినాడు. కాపు విరగగాసిన చెట్టును దారినపోయేవారు రాళ్లతో కొడతారు. చెట్టు ఎదురుదెబ్బ కొట్టదు, పండు రాలుస్తుంది. ఉన్న పండ్లన్నీ పోయి, కొమ్మలు విరిగినా, మరుసటి ఏడు మరల పూచి కాస్తుంది. ఏ లాభమూ ఆశింపక వీరు ఇట్లు చేయడానికి బలం ఎక్కడనుండి వస్తున్నదో విచారింపవలెనని ఆ పండితుడు సభను కోరినాడు. అతడు క్రైస్తవుడు కాలేదు. అయినను న్యాయమైన మాట పలికినాడు. ఈ కథను చెప్పినది ప్రశంస పొందినవారే గనుక మనం కొంత తగ్గించి వినవచ్చును. ఉపమానం మాత్రం అచ్చంగా ఈ మామిడితోపుల సీమది. సీమైనుండి తెచ్చినది కాదు.

చిన్న సంఘటననుండి పెద్ద నీతిని పిండుకొనడం ఆయన స్వభావం. ఆయన బండికి కట్టిన గుర్రం ఒకటి మొండికేసి కదిలేది కాదు. కొట్టినా, బుజ్జగించినా లాభం లేకపోయినది. దాని చెవికి సన్నని దారం చుట్టి మెలిపెడితే, దృష్టి చెవిపైకి మళ్లి మొండితనాన్ని మరచిపోతుందని తెలిసికొన్నారు. గుర్రం నడచినది. మనిషి కూడ తన పట్టుదలమీదనే మనసు నిలుపుకొన్నంతకాలం కదలడు, మనసును మరొకదానిపైకి మళ్లింపవలెనని ఆయన గ్రహించినారు. దీనిని పురస్కరించుకొని, సంఘంలో దానగుణం పెంచడాన్ని గూర్చి చిన్నపుస్తకమే వ్రాసినారు. తరగతిలో మొండికేసిన విద్యార్థిని ఎరిగిన ఉపాధ్యాయులకు ఈ గుర్రపు పాఠం ఎక్కువ వివరింపనక్కరలేదు.

చాంబర్లేన్ జీవితంలో అన్నిటికంటె దీర్ఘమైన పని తెలుగు బైబిలు సంస్కరణం. ఆ పనికి పూర్వచరిత్ర కలదు. విశాఖపట్టణంలో డెగ్రాంజెస్ ఆనందరాయరు అనే తెలుగు పండితుని తోడ్పాటుతో తెలిగించిన మూడు సువార్తలు 1812లో శ్రీరామపురంలో అచ్చైనవి. 1818లో శ్రీరామపురంవారే కొత్తనిబంధనను ప్రకటించినారు. తరువాత విశాఖపట్టణపు లండను మిషనువారి అనువాదం వచ్చినది. దీనిని సవరించి, మూలభాషలతో సరిచూచి, తెలుగువారి నోట చక్కగా పలికేటట్లు చేయడానికి ఒక సంఘం ఏర్పడినది. 1873నుండి 1894వరకు ఆ సంఘానికి చాంబర్లేన్ అధ్యక్షులు. ఇరువదియొక్క సంవత్సరాలు!

ఆ కాలపు తెలుగు వచనం ఏ స్థితిలో ఉండినదో భాషోపాధ్యాయులు ఎరుగుదురు. బ్రౌను నిఘంటువు 1852లో వెలువడినది. చిన్నయసూరి బాలవ్యాకరణం 1858నాటిది. వీరేశలింగంగారి రాజశేఖర చరిత్రం 1878లో తలయెత్తినది. కన్యాశుల్కం అచ్చైనది 1897లో. వచనం ఇంకను కాళ్లు కూడదీసికొంటున్న దశ అది. పండితుడు మెచ్చితే పామరునికి ఎక్కదు. పామరునికి ఎక్కితే పండితుడు ముఖం చిట్లిస్తాడు. దీనికి తోడు ప్రతి మాటకూ పూర్వజన్మ వాసన ఉన్నది. పాపమన్నా, కృప అన్నా, ఆత్మ అన్నా, రక్షణ అన్నా, ఆ మాటలు మన పురాణాలలో, వేదాంతంలో వేల ఏండ్లు బ్రతికిన మాటలు. వాటిని వాడితే పాత అర్థం వెంటవస్తుంది. వాడకుంటే వినేవానికి ఏమీ బోధపడదు. మిషనుల నడుమ భేదాలు ఉండనే ఉన్నవి. బాప్తిస్మమన్న గ్రీకుమాటను అట్లే ఉంచవలెనా, ముంచుటయని తెలిగింపవలెనా అన్నది దేశమంతటా అనువాదకులను వేధించిన వివాదం.

ఇట్టి పనిలో దినానికి కొన్ని వాక్యాలు సాగితే గొప్ప. నిన్న కుదిరినదనుకొన్న మాట నేడు మరొక అధ్యాయంలో పొసగదు. ఒక శబ్దాన్ని మారిస్తే అది వచ్చిన చోటులన్నీ వెదకి మార్చవలెను. చప్పట్లు లేవు, చూచేవారు లేరు. పైగా అనువాదకునికి పేరు మిగలదు. చాంబర్లేన్ సంఘం చేసిన పని తుదిమాట కాలేదు. తరువాతి వారు మరల సవరించినారు. నేడు తెలుగు క్రైస్తవుల ఇండ్లలో చదివే గ్రంథం అనేకుల చేతులమీదుగా వచ్చినది. అందులో ఏ వాక్యం ఎవరి శ్రమయో చదివేవారికి తెలియదు. పులి అడవిలో రాత్రి గడపడానికి కావలసిన ధైర్యం ఒక విధమైనది. తన పేరు నిలువదని తెలిసియు ఇరువదియొక్క ఏండ్లు ఒక వాక్యానికి సరియైన క్రియాపదం వెదకడానికి కావలసిన ధైర్యం వేరు. రెండవదే కష్టమని నా అభిప్రాయం.

ఫలితాల లెక్కలో కూడ ఆయనకు పరీక్ష తప్పలేదు. 1878 జూలై 3వ తేదీన ఒంగోలు ప్రాంతంలో గుండ్లకమ్మ ఒడ్డున, బాప్టిస్టు మిషనుకు చెందిన క్లౌ దొర నాయకత్వంలో, ఒక్కదినాన 2,222 మంది బాప్తిస్మం పొందినారు. క్రైస్తవ లోకమంతా ఆ వార్త మారుమ్రోగినది. మదనపల్లెలో అట్టి దినం రాలేదు. అచ్చటి సంఘం మెట్టచేను పైరువలె మెల్లమెల్లగా ఎదిగినది. పఠనమందిరంలో శ్రద్ధగా విన్నవారు అధికభాగం విన్నంతటితో లేచిపోయినారు. మందు పుచ్చుకొన్నవారు ఆరోగ్యంతో ఇంటికి పోయినారు. పోనిచ్చి, మరునాటి ఉదయం వైద్యశాల తలుపు అదే వేళకు తెరచినారు. పనికి విలువ ఫలంలో మాత్రమే ఉన్నదని నమ్మినవాడు అట్లు తెరవలేడు. తలాంతుల ఉపమానంలో యజమాని సేవకులందరివద్దనూ ఒకే మొత్తాన్ని ఆశింపలేదు. అప్పగించినదానిని పాతిపెట్టినవానిని మాత్రమే దండించినాడు.

ఆయనలో కొరత లేదని నేను చెప్పబోను. అన్యమతాల దైవాలను ఆయన తమ కాలపు పాదిరుల చూపుతోనే చూచినారు. వేమనను మెచ్చిన కన్ను తక్కిన మన భక్తిని అంత సానుభూతితో చూడలేదు. అమెరికాలో ఆయన ప్రకటించిన పుస్తకాలకు పులి అడవి పేరు ఒకదానికి, నాగుపాము పుట్ట పేరు మరొకదానికి పెట్టినారు. మొదటిది 1896లోను, రెండవది 1900లోను వెలువడినవి. అవి చదివిన అమెరికా బాలబాలికలకు మన దేశమంటే పులులు, పాములు అన్న భావమే కలిగియుండును. తమ జీవితంలో అధికభాగం నడచిన వసారా, బల్ల, నిఘంటువు ఆ శీర్షికలకు ఎక్కలేదు. అనగా తమను సాహసంతో కొలిచే అలవాటును లోకానికి నేర్పినవారిలో వారూ ఒకరు! సేవకు ధనం సమకూరవలెనంటే కథలు కావలెను. కథలకు పులులు కావలెను. పలమనేరులో దేశీయ బోధకుల శిక్షణకై ఏర్పడిన వేదాంత పాఠశాలకు మూలధనం 1880లలో ఆయన అమెరికాలో తిరిగి కూర్చినదే.

ఒక విషయంలో ఆయన తమ కాలానికంటె ముందు నడచినారు. ఐరోపాలోను, అమెరికాలోను పుట్టిన శాఖాభేదాలను ఈ దేశపు సంఘాలపై రుద్దరాదనీ, దేశీయ సంఘం తన కాళ్లపై తాను నిలువవలెననీ 1870లనుండియే వాదించినారు. 20వ శతాబ్ది ఆరంభంలో తమ సంఘమూ, స్కాట్లండు మిషను సంఘమూ కలిసి ఒక్కటియైనప్పుడు, ఆ ఐక్యసభకు ఆయననే తొలి అధ్యక్షునిగా ఎన్నుకొన్నారు. ఇంకను విశాలమైన దక్షిణ ఇండియా ఐక్య సంఘం ఏర్పడినది 1908 జూలైలో. ఆయన అంతకు నాలుగు నెలల ముందే గతించినారు. ఆ తీగ సాగి 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘమై విస్తరించినది.

చివరి ఏండ్లలో శరీరం సడలినది. పాతజ్వరం, వార్ధక్యం కలిసి గుర్రపు ప్రయాణాలు మాన్పించినవి. అప్పుడాయన చేపట్టిన పని తెలుగులో బైబిలు నిఘంటువు. గ్రంథంలోని వ్యక్తులను, స్థలాలను, ఆచారాలను తెలుగు పాఠకులకు అకారాది క్రమంలో వివరించే గ్రంథం అది. పల్లెటూరి బోధకునికి, ఉపాధ్యాయునికి పనికివచ్చే పుస్తకం. తన ఆయువులో అది ముగియదని డెబ్బదియేండ్లు దాటిన మనిషికి తెలియదనుకోలేము. అయినను ఒక్కొక్క పదమే వ్రాసుకొనిపోయినారు. కుమారుడు లూయీ బర్జ్ చాంబర్లేన్ కూడ మదనపల్లెలోనే అదే సేవలో ఉండినారు.

ఆయన గతించిన మూడేండ్లకు, 1911లో, డాక్టర్ లూయిసా హార్ట్ ఆధ్వర్యంలో మదనపల్లెలో మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి వెలసినది. ఆమె చొరవతోనే ఆరంభమైన క్షయరోగ చికిత్సాలయం 1915లో ఊరికి వెలుపల ఆరోగ్యవరంలో స్థిరపడి, డెన్మార్కు దేశపు వైద్యుడు ఫ్రిమోట్ మోలర్ నిర్వహణలో దక్షిణదేశమంతటా ప్రసిద్ధి గాంచినది. 1919లో రవీంద్రకవి మదనపల్లెకు వచ్చి జనగణమన గీతాన్ని ఇంగ్లీషులోనికి అనువదించినందువలన ఆ ఊరి పేరు దేశమంతటా ఎరుగుదురు. కాని ఆరోగ్యం కోరి ఆ ఊరికి బండి కట్టుకొని వచ్చే అలవాటు పల్లెజనానికి అంతకు అర్ధశతాబ్ది ముందే, ఒక వసారాలోని ఉదయాలలో కలిగినది. మహావృక్షాన్ని చూచినవారు నాటిన చేతిని అడుగరు. నీరు పోసిన చేతిని అసలే అడుగరు.

ఈ జీవితంనుండి మనం గ్రహింపవలసినది ఏమి? విద్యార్థులకు ఆదర్శపురుషులను చూపేటప్పుడు మనం వారి శిఖరాలనే చూపుతున్నాము. బాలుడు శిఖరాన్ని చూచి ముగ్ధుడౌతాడు. తన దినంలో శిఖరం లేదని గ్రహించి నిరుత్సాహపడతాడు. ఎక్కాలు, దస్తూరి, వ్యాకరణం, ఇంటిపని, ఇవే కదా అతని దినం. శ్రేష్ఠత అనేది ఎప్పుడో రాబోయే పరీక్షదినాన కనబరచవలసిన వస్తువని అతడు భావిస్తే, అతని చేతిలోని నేటి దినం వ్యర్థమౌతుంది. చాంబర్లేన్ చరిత్రలో పులికథ చెప్పిన ఉపాధ్యాయుడు ఇరువదియొక్క ఏండ్ల బైబిలు బల్లకథ కూడ చెప్పవలెను. రెండవది చెప్పడం కష్టం. అందులో సంఘటన లేదు. కాని తరగతిగదిలోని జీవితం దానినే పోలియున్నది.

ఉపాధ్యాయునికీ ఇది వర్తించును. నలుబది వ్రాతపుస్తకాలు దిద్దేవానికి ముప్పది తొమ్మిదవ పుస్తకమే పరీక్ష. అందులోని తప్పును చూచీ చూడనట్లు విడిస్తే ఎవరూ అడుగరు. ఆ విద్యార్థి పదేండ్ల తరువాత ఎక్కడుంటాడో, ఈనాటి దిద్దుబాటు అతనికి జ్ఞాపకముంటుందో లేదో తెలియదు. క్రైస్తవుడైన వానికి ఆ పుస్తకం దైవం అప్పగించిన తలాంతు. గీత చదివినవానికి అది ఫలం కోరక చేయవలసిన స్వధర్మం. ఏ మతమూ వద్దనుకొన్నవానికి అది ఒక పసివాని హక్కు. మూడు దారులూ ఆ ముప్పది తొమ్మిదవ పుస్తకాన్ని మొదటి పుస్తకమంత శ్రద్ధగా తెరువుమనియే చెప్పుచున్నవి.

మదనపల్లెలో ఆ అమెరికా వైద్యుడు చూచిన రోగుల పేర్లు నేడు ఎవరికీ తెలియవు. వారికి ఆయన ఇచ్చిన మందులలో పెక్కు ఇప్పుడు వాడుకలో లేవు. ఆయన ఎన్నిన తెలుగు మాటలలో కొన్ని నిలిచినవి, కొన్ని మారినవి. అయినను నేటికీ ఈ సీమలో ఒక పిల్లవాడు యేసు ప్రేమను గూర్చిన ఆ చిన్నపాటను తెలుగులో పాడుకొంటాడు. తెలిగించినవారెవరో వానికి తెలియదు. తెలియవలసిన అవసరమూ లేదు. మాట తిన్నగా ఉన్నది, రాగానికి ఒదిగినది. చేసినవాని పని అంతటితో నెరవేరినది.